మిరప ఘాటు అనుకున్న జ్వరం

బిడ్డ ఒళ్ళు కాలుతుంటే, డాక్టరు చూడకముందే కారణం చెప్పేయాలన్న తొందర మీకెందుకు?

ఐదేళ్ళ కిందట, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మిరప కోతలప్పుడు, మా నాలుగేళ్ళ ఝాన్సీకి జ్వరం వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి. పెదాలు పగిలాయి. ఒంటి మీద దద్దుర్లు లేచాయి.

“అమ్మవారు పోసింది. సూదీ మందూ అన్నారంటే తల్లికి కోపమొస్తది” అంటూ మా అత్తగారు గుమ్మానికి వేపమండ కట్టారు.

మా ఆయన నవ్వాడు. మేమిద్దరం హేతువాద సభల్లో కలిసి పెళ్ళి చేసుకున్నవాళ్ళం. “అమ్మవారూ లేదు, అయ్యవారూ లేదు. పొద్దస్తమానం కల్లంలో ఎండుమిరపకాయల మీద పొర్లింది. ఘాటు కొట్టదా?”

“నోర్ముయ్యరా! తల్లి వింటది.”

వేపమండ పీకేశాం. ఘాటు దిగాలని మజ్జిగ పట్టాం, వెన్న రాశాం. ఊళ్ళో మందుల కొట్టులో ఇచ్చిన మాత్రకు జ్వరం తగ్గేది, మళ్ళీ కాసేది. రెండో వారంలో వేళ్ళ కొసల్లో చర్మం పొరలుగా ఊడింది. కాయలు ఏరే కూలీల చేతుల తోలూ అలాగే ఊడుతుంది. ఇంకేం, మా మాటే నిజమనుకున్నాం.

జ్వరం మాత్రం వదలలేదు. గుంటూరు తీసుకెళ్ళాం. పిల్లల డాక్టరు ఎర్రటి నాలుక చూసి, వెంటనే గుండెకు ఎకో స్కాన్ తీయించారు.

“కవాసాకి డిసీజమ్మా. గుండెకు నెత్తురందించే నాళం, కరొనరీ ఆర్టరీ, ఉబ్బింది. ఎన్యూరిజమ్ అంటాం. ఇన్నాళ్ళూ ఏం చేశారు?”

“ఘాటనుకున్నామండీ.”

ఆయన ఎకో కాగితం మా వైపు తిప్పారు. “క్రిముల్ని పసిగట్టే ఇన్నేట్ రిసెప్టర్స్ మన కణాల్లో ఉంటాయి, నెత్తురునాళాల గోడల్లో కూడా. కాపలావాళ్ళనుకోండి. ఈ జబ్బులో ఆ కాపలా అదుపు తప్పి గోడనే కాలుస్తుందంటున్నారు. దేన్ని చూసి అలా రేగుతుందో మాకింకా తెలియదు.”

తెలియదు! అంత చదివిన మనిషి తడుముకోకుండా అన్న ఆ మాట మా ఇంట్లో ఒక్కరి నోటా రాలేదు.

ఆ మంట చల్లార్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు సెలైన్‌లా ఎక్కించారు. జ్వరం తగ్గి, తిరగబెట్టింది. మళ్ళీ ఎక్కించారు. “మొదటి పది రోజుల్లో వచ్చుంటే నాళం దక్కేదేమో” అన్నారు. ఆ ‘ఏమో’ నన్నింకా నిద్రపోనివ్వదు.

వేపమండ కట్టడం మూఢనమ్మకమే. పరీక్ష చేయించకుండా ఘాటేనని తేల్చేయడం మరేమిటి? చదువుకున్న మూఢనమ్మకం!

ఝాన్సీ ఇప్పుడు బడికి వెళ్తోంది. నాళంలో నెత్తురు గడ్డకట్టకుండా రోజూ ఆస్పిరిన్, ఏటా ఎకో. దెబ్బ తగిలితే నెత్తురు ఆగదని కబడ్డీ ఆడకూడదు. “ఆడకుండానే నన్ను అవుట్ చేశారేంటమ్మా?” అంది మొన్న. ఆ పూట మాత్ర దాని చేతిలో పెట్టాను.

ఐదో రోజుకీ జ్వరం వదలకపోతే, కళ్ళో నాలుకో ఎర్రబడితే, దానికి మీరు పేరు పెట్టకండి. బిడ్డను ఎత్తుకుని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఎకో తీయాలా అని నోరు తెరిచి అడగండి.