పామర్రు పొలాల మీదుగా స్నేహితురాలి సిగ్నల్, నా కడుపుమంట

నిజం చెప్పాలంటే ఈ ప్రయాణం పెట్టుకున్నది కుళ్లుతోనే. పామర్రు అవతల, పొలాల మధ్య ఒక చిన్న ఆరోగ్య ఉపకేంద్రం ఉంది. ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందని ఆ ఊరికి, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద ఊరి వాటర్ ట్యాంకు మీద నుంచి, తీగ లేకుండా గాలిలోనే ఇంటర్నెట్ పంపిస్తున్నారు. దాంతో అక్కడి గర్భిణులకు విజయవాడ డాక్టరమ్మను తెర మీద చూపిస్తున్నారు. ఆ పరిశోధన నడుపుతున్నది సునీత. మేమిద్దరం ఒకే ల్యాబ్‌లో పక్కపక్కన కూర్చుని పీహెచ్‌డీ చేశాం. ఒకే ఏడాది ఇద్దరం ప్రాజెక్టుకు దరఖాస్తు పెట్టాం. సునీతకు వచ్చింది, నాకు రాలేదు. అప్పటి నుంచి అది వాట్సాప్‌లో పెట్టే ప్రతి ఫొటో కిందా గుండె గుర్తు నొక్కి, ఫోను బోర్లా పడేస్తున్నాను. మొన్న ఆగస్టు ఆఖర్లో ఫోన్ చేసి, "ఒక్కసారి వచ్చి చూడవే, గురువారం ఆఫీసర్లు కూడా వస్తున్నారు" అంది. ఎక్కడో ఒక లోపం కనపడకపోతుందా అన్న ఆశతో సెలవు పెట్టాను.

మీరూ వెళ్లదలచుకుంటే బెంజ్ సర్కిల్ దగ్గర పొద్దున్న ఏడింటికల్లా బందరు వైపు బస్సు ఎక్కండి. తొమ్మిది దాటితే ఆ సర్కిల్ దాటడానికే సగం ఓపిక అయిపోతుంది. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు, మగవాళ్లకు వంద లోపే. కంకిపాడు దాటాక ఊరి వాసన పోయి తడి మట్టి వాసన మొదలవుతుంది. ఉయ్యూరు తర్వాత రెండు పక్కలా నాట్లు పడిన పొలాలే. ఆ పచ్చదనం చూస్తే ఎవరికైనా మనసు తేలికపడాలి. నాకు మాత్రం "ఇంత చక్కని చోట పనిచేస్తోందా ఇది" అని ఇంకాస్త మండింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, నేను దాని రుచి కూడా చూడకుండానే ఏడుస్తున్నాను.

ఎనిమిదిన్నరకు పామర్రులో దిగి, బస్టాండు దగ్గర పాక హోటల్లో ఇడ్లీ తిన్నాను. అల్లం పచ్చడి ఎంత బాగుందంటే రెండోసారి అడిగి వేయించుకున్నాను. "నెయ్యేసి కాస్త ఘాటు తగ్గిద్దామా అమ్మా?" అని వంటావిడ అడిగింది. వద్దన్నాను. ఆ రోజు నాకు ఘాటే సరిపోయింది. అక్కడి నుంచి ఆ ఊరికి ఆటోవాడు మూడొందలు అన్నాడు, రెండొందల యాభైకి ఒప్పుకున్నాడు.

"ఆ పోల్ దగ్గరికాండీ? సునీతమ్మగారి దగ్గరికి?" అన్నాడు డ్రైవరు.

"ఆవిడ మీకు తెలుసా?"

"తెలీకపోవటమేంటండీ! మా కోడలు కడుపుతో ఉన్నప్పుడు ఆ టీవీలోనే చూశారండీ డాక్టరమ్మగారు. సునీతమ్మగారు చాలా మంచావిడండీ. మీరు కూడా ఆవిడ కింద పనిచేస్తారాండీ?"

"కింద కాదు, పక్కన" అన్నాను. నా గొంతు నాకే పుల్లగా వినిపించింది. మిగతా దారంతా కాలవ గట్టు వెంట గుంతలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఉపకేంద్రం రెండు గదుల డాబా. పక్కనే పొడుగాటి ఇనుప స్తంభం, దాని కొసన పళ్లెమంత యాంటెన్నా. సునీత టోపీ పెట్టుకుని ఎండలో నిలబడి ఉంది. నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. మొహం మాత్రం వాడిపోయి ఉంది. లోపలికి తీసుకెళ్లి ఏఎన్ఎం రూతమ్మగారిని పరిచయం చేసింది. యాభై దాటిన మనిషి, ఆ ఊళ్లో సగం మంది పిల్లలు ఆవిడ చేతిలోనే పుట్టారట. గోడకున్న తెర మీద డాక్టరమ్మ బొమ్మ సగం వచ్చి, ముక్కలు ముక్కలై ఆగిపోయింది.

"నెల రోజుల నుంచి ఇంతేనే" అంది సునీత. "ఎండాకాలంలో అద్దంలా వచ్చేది. పెట్టెలు మార్చాం, కేబుళ్లు మార్చాం. పోయిన వారం స్తంభానికి పైపు అతికించి ఎత్తు పెంచితే ఇంకా పాడైంది. మూడింటికి ఆఫీసర్లు వస్తారు. ఇవాళ చూసి బాగుందంటే మిగతా ఊళ్లకీ ఇస్తారు, లేదంటే ఇది కూడా విప్పేస్తారు."

నాలో ఏదో చల్లగా దిగింది. అబద్ధం ఎందుకు, అది సంతోషమే. అసలు విషయం ఇంకా ఉంది. గుమ్మంలో నిలబడి పొలాల వైపు చూడగానే ఆ సిగ్నల్ జబ్బేమిటో నాకు తెలిసిపోయింది. సునీతది సాఫ్ట్‌వేర్ వైపు, గాలిలో సిగ్నల్ ఎలా నడుస్తుందన్నది నా వైపు. డెల్టాలో స్తంభాలన్నీ ఎండాకాలంలోనే పాతుతారు, ఎందుకంటే స్తంభాలు మోసుకొచ్చే ట్రాక్టరు దిగబడకుండా పొలాల్లోంచి రాగలిగేది అప్పుడే. కొలతలూ అప్పుడే తీస్తారు. అప్పుడు నేలంతా బీటలు వారి గరుకుగా ఉంటుంది, దాని మీద పడ్డ సిగ్నల్ చెదిరిపోతుంది. కాలవలు వదిలి మళ్లు నిండాక అదే నేల అద్దమవుతుంది. అప్పుడు నేరుగా వచ్చే సిగ్నల్‌కు తోడు, నీటి మీద పడి లేచిన సిగ్నల్ ఇంకొకటి వస్తుంది. కొన్ని ఎత్తుల దగ్గర ఆ రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. వీళ్లు పైపు అతికించి యాంటెన్నాను సరిగ్గా అలాంటి ఎత్తుకే చేర్చారు. నా థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం ఇదే. మా గైడు తప్ప దాన్ని ఎవరూ చదవలేదు, ఆయన చదివారన్న నమ్మకం కూడా నాకు లేదు.

చెప్పలేదు. "అయ్యో, అలాగా" అన్నాను.

పన్నెండున్నరకు రూతమ్మగారు భోజనం పెట్టారు. గోంగూర పచ్చడి, కొర్రమీను పులుసు, గట్టి పెరుగు. చేప ముక్క నోట్లో, జవాబు గొంతులో పెట్టుకుని తిన్నాను. ఆవిడ కొసరి కొసరి వడ్డిస్తూనే, "మొన్నటిదాకా కడుపుతో ఉండి బీపీ ఎక్కువున్న ఆడపిల్లల్ని డాక్టరమ్మగారే వారం వారం చూసేవారండీ. ఇప్పుడు ఆటోల్లో తిప్పుతున్నాం. ఆ గుంతల్లో ఏడోనెల పిల్లల్ని తీసుకెళ్లాలంటే నాకు భయమేస్తదండీ" అన్నారు. నేను తలవంచుకుని పెరుగు కలుపుకున్నాను. మనసు కరిగిందని రాసుకుంటే బాగుంటుంది గానీ, అప్పటికీ కరగలేదు. సునీత ఓడిపోతే ఎలా ఉంటుందో ఇంకో రెండు గంటలు చూద్దామనే అనిపించింది.

రెండింటికి టెక్నీషియను శ్రీను ఇంకో పైపు తెచ్చి స్తంభం ఎక్కడం మొదలుపెట్టాడు. "ఇంకో మీటరు లేపుదాం మేడం, అదే వస్తది" అన్నాడు. సునీత తలూపింది. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఓడిపోతే ఓడిపోనీ, మరీ ఇంత తప్పుగానా!

"పైకి కాదే, కిందికి దించు!" అని అరిచేశాను.

అందరూ నా వైపు తిరిగారు. "కిందికా? ఎత్తు పెంచితేనే కదండీ మేడం సిగ్నలొచ్చేది" అన్నాడు శ్రీను పైనుంచి.

"నీళ్లు చూడు! అదంతా అద్దం. అతికించిన పైపు తీసెయ్, ఇంకా కిందికి జరుపుతూ రా, బాగా వచ్చిన చోట ఆపు."

సునీత ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "అది చెప్పినట్టు చెయ్యి శ్రీనూ" అంది. పైపు తీశారు. స్తంభం మీద అంగుళం అంగుళం కిందికి జరుపుతుంటే లోపల నుంచి రూతమ్మగారు, "రాలా... రాలా... ఇంకా రాలా... వచ్చిందండీ! గాజులు కూడా కనపడుతున్నయ్!" అని కేకేశారు. లోపలికెళ్లి చూస్తే తెర మీద డాక్టరమ్మ కదులుతోంది, నవ్వుతోంది, మాట్లాడుతోంది.

మూడు దాటాక ఆఫీసర్లు వచ్చారు. ఏడోనెల గర్భిణిని కూర్చోబెట్టి డాక్టరమ్మకు చూపించారు, ఒక్కసారి కూడా బొమ్మ ఆగలేదు. మిగతా ఊళ్లకు కూడా పెడదామని అక్కడికక్కడే చెప్పారు. రూతమ్మగారు చీర కొంగుతో కళ్లొత్తుకున్నారు. సునీత లేచి, నన్ను చెయ్యి పట్టి ముందుకు లాగి, "ఇవాళ ఇది నడిచిందంటే ఈవిడ వల్లేనండీ. నాకు నెల రోజుల నుంచి అంతుపట్టలేదు. ఈవిడ థీసిస్‌లో మూడో అధ్యాయంలో ఉందండీ ఇదంతా, చదివాను గానీ మా పొలాలకి వర్తిస్తుందని నా బుర్రకి తట్టలేదు" అంది.

చదివిందట. నా మూడో అధ్యాయాన్ని.

సాయంత్రం బస్సులో ఉయ్యూరు దాకా అదే ఆలోచించాను. ఇన్నాళ్లూ సునీతకు అదృష్టం ఉంది, నాకు తెలివి ఉంది అని సర్దిచెప్పుకుని నిద్రపోయేదాన్ని. ఆ రోజు తెలివి నాదేనని పదిమంది ముందు అదే ఒప్పుకుంది. పేపరు రాస్తే మొదటి పేరు నాదే వేస్తానంది. నేను దాని స్థానంలో ఉంటే నా పేరు చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు, నాకు తెలుసు. ప్రాజెక్టు మీద కుళ్లయితే ఇంకో దరఖాస్తు పెట్టుకుంటే తీరుతుంది. ఇప్పుడు మనిషి మీదే పుట్టిన ఈ కుళ్లుకు ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలో తెలియడం లేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. సాయంత్రం అయిదు దాటితే ఆ ఊరి నుంచి పామర్రుకు ఆటోలు దొరకవు, కాబట్టి తిరుగు ప్రయాణానికి పొద్దున్నే డ్రైవరుతో మాట్లాడి పెట్టుకోండి. నేను ఆ పని చేయక, సునీత స్కూటర్ మీద, దాని భుజం పట్టుకుని, దాని కబుర్లు వింటూ పామర్రు దాకా రావాల్సి వచ్చింది. దారి పొడవునా నన్నే పొగిడింది.