సైకాల్ నింపిన గడి

బిష్కెక్ నడిబొడ్డున ఉన్న ఒక బ్యాంకులో, మూడో అంతస్తు చివరి గదిలో కూర్చునే సైకాల్ పేరు చెబితే అప్పులిచ్చే విభాగం వాళ్ళ గుండెల్లో రాయి పడుతుంది. మనిషి చెడ్డది కాదు, పాపం. ఉద్యోగమే అలాంటిది. బ్యాంకులో ఎవరు ఏ నియమం తప్పుతున్నారో కనిపెట్టడం, తప్పకముందే చెవి మెలిపెట్టడం ఆమె పని. దాన్నే కంప్లయన్స్ అంటారు. పందొమ్మిదేళ్ళుగా చేస్తోంది. నలభై ఆరేళ్ళొచ్చినా, పొద్దున్నే బస్సు దిగి ఆఫీసు మెట్లెక్కేటప్పుడు ఆమె ముఖంలో పండక్కి పుట్టింటికి వెళ్ళే కళ ఉంటుంది. ఆ ఫైళ్ళంటే అంత మోజేమిటో నాకైతే ఇప్పటికీ బోధపడదు.

ఆమె దగ్గర కానుకల పుస్తకం ఒకటుంది. ఖాతాదారులు ఇచ్చే ప్రతి వస్తువూ అందులో ఎక్కాలి. చేతులూపుకుంటూ ఒకరి గడప తొక్కడమంటే మా వాళ్ళకు చచ్చేంత నామోషీ. ఇక చూసుకోండి ఆ పుస్తకం సంగతి! ఒకసారి నరీన్ నుంచి పశువుల వ్యాపారి ఒకాయన ఐదు లీటర్ల కుమిస్ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. వద్దంటే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. చివరికి పుస్తకంలో ఇలా ఎక్కింది: 'పులియబెట్టిన గుర్రం పాలు, ఐదు లీటర్లు. తిప్పి పంపేలోపు కాపలావాళ్ళు తాగేశారు.' తనిఖీకి వచ్చిన అధికారి అది చదివి పొట్ట పట్టుకుని నవ్వాడట.

అప్పుల విభాగంలో తాలాయ్ అనే ముప్పై ఏళ్ళవాడున్నాడు. నోటి దురుసు. కిందటేడాది వాడు తన బావమరిది ఫైలును, బంధుత్వం తెలిపే ఫారంలో ఆ సంగతి రాయకుండా పైకి పంపితే, సైకాల్ దాన్ని అందరి ముందూ వెనక్కి తిప్పికొట్టింది. 

"కాగితాల్లో ఎక్కడా లేదుగా అక్కా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు వాడు. 

"నీకు తెలుసుగా, అది చాలదూ? ఈ ఫారం నీ కాగితాలను అడగట్లేదురా, నిన్ను అడుగుతోంది" అంది సైకాల్. 

అప్పటి నుంచి వాడికి అవకాశం దొరికితే చాలు, దెప్పుడే. "మీ పెళ్ళిలో పెళ్ళికొడుకుని కూడా గుర్తింపు కార్డు అడిగారట కదక్కా?" 

"అడిగాను. అందుకే ఇరవై ఏళ్ళయినా బుద్ధిగా ఉన్నాడు" అని ఆమె జవాబు.

శనివారం వచ్చిందంటే ఈ సైకాలే వేరు. మధ్యాహ్నం మాంసం వేసిన లగ్మాన్ నూడుల్స్ కడుపునిండా తిని, పార్కులో పింఛనుదారులతో తొగుజ్ కొర్గోల్ ఆడటానికి పరుగు. రెండు వరుసల గుంటలు, గుంటకు తొమ్మిది గింజలు. వామనగుంటలు తెలిసినవాళ్ళకు ఇంతకన్నా విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ ఆట ఆమెకు నేర్పింది కల్ముర్జా. కాగితాల మీద ఆమె తండ్రి. ఆమె నోరారా 'నాన్నా' అని పిలిచిందీ ఆయన్నే. నిజానికి ఆయన ఆమె తాత.

మాలో ఇదో ఆనవాయితీ. తొలిచూలు బిడ్డను పెద్దవాళ్ళు తమ బిడ్డగా తీసుకుంటారు. కొచ్కోర్‌లో బకాస్‌కు తొలి కూతురు పుట్టగానే అతని తండ్రి కల్ముర్జా వచ్చి, పసిగుడ్డును కోటు కింద పెట్టుకుని తనింటికి పట్టుకుపోయాడు. పుట్టిన పత్రంలో తండ్రిగా తన పేరే రాయించుకున్నాడు. అలా బకాస్ ఆమెకు 'అన్నయ్య' అయ్యాడు. నవమాసాలూ మోసిన తుర్సున్ 'వదిన' అయింది. పెద్దవాళ్ళ ఎదుట ఆ బిడ్డను ముద్దాడటం కూడా మర్యాద కాదు. తొమ్మిదేళ్ళప్పుడు ఎవరో పిల్ల పోట్లాటలో ఈ సంగతి అనేస్తే, సైకాల్ ఇంటికొచ్చి ఎవరినీ ఏమీ అడగలేదు. ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకనరు. కల్ముర్జా, ఆయన భార్యా ఆమెను కంటికి రెప్పలా పెంచి, కాలం చేసి పన్నెండేళ్ళయింది. అయినా ఆ పిలుపులు అలాగే ఉండిపోయాయి.

ఇదిగో, ఈ మార్చిలో వచ్చిపడింది తంటా. కొచ్కోర్ పాల సంఘం వాళ్ళు పాలు చల్లబరిచే ట్యాంకు కోసం అప్పు అడిగారు. నలభై ఇళ్ళ పాలు. మే నెలలో పశువులు కొండెక్కేలోపు ట్యాంకు రాకపోతే ఈ వేసవి పాలన్నీ పులిసిపోవాల్సిందే. సంఘం పెద్దగా సంతకం చేసింది బకాస్. తాలాయ్ ఫైలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఇంటిపేరు మీదేలా ఉందే! మీవాళ్ళా అక్కా?"

"మా అన్నయ్య" అంది సైకాల్, అలవాటుగా.

"అయితే ఫారం నింపండి మరి. ఎదుటివాళ్ళకేనా నీతులు?" అని వాడు పళ్ళికిలించుకుంటూ వెళ్ళాడు.

నియమం ఆమె రాసిందే. అన్నదమ్ముల ఫైలైతే ఆమె పక్కకు తప్పుకుంటే చాలు, కింది అధికారి వారంలో తేల్చేస్తాడు. తల్లిదండ్రులదైతే మాత్రం బోర్డుకు వెళ్ళాలి. బోర్డు కూర్చునేది మే నెలాఖరులో. ఫారంలో 'దరఖాస్తుదారుతో సంబంధం' అని ఒక గడి ఉంది. 'అన్న' అని రాస్తే ప్రపంచంలోని ఏ కాగితమూ తప్పని అనదు. నలభై ఇళ్ళకూ ట్యాంకు వస్తుంది. 'తండ్రి' అని రాస్తే వేసవి పోతుంది. పైగా సమాధిలో ఉన్న కల్ముర్జా నొచ్చుకుంటాడేమోనని ఆమె భయం. ఎంత ప్రేమగా పెంచాడు మహానుభావుడు! పెన్ను మూత తీసింది, పెట్టింది. ఆ వారమంతా ఆమెకు అన్నం సయించలేదు.

శనివారం పార్కులో మంబెత్ తాతతో ఆటకు కూర్చుంది. ఒకప్పుడు ట్రాలీబస్సు నడిపిన మనిషి, ఎనభై దాటినా గొంతు తగ్గలేదు. సైకాల్ వరసగా రెండాటలు ఓడిపోయింది.

"ఏమ్మాయ్, చిన్నపిల్లలా ఆడుతున్నావేంటి? మొగుడితో గొడవా?"

ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ముసలాయన అరచేతిలోని గింజలు పక్కన పెట్టేశాడు.

"మా ముసలిది కూడా మా తొలి పిల్లాణ్ణి అలాగే మా అమ్మ చేతిలో పెట్టింది. ఆ రాత్రంతా పాలు పొంగుతుంటే గుడ్డ కట్టుకుని ఏడ్చింది. నేను అటు తిరిగి పడుకున్నా. మీ తాత నిన్ను తీసుకున్నాడని పత్రముంది. మీ నాన్న నిన్ను ఇచ్చాడని ఎక్కడన్నా రాసుందా?"

"లేదు."

"మరి రాయి. మీ తాతేం అనుకోడులే. కొడుకే కదా వాడు ఆయనకి!"

సోమవారం పొద్దున్నే సైకాల్ ఆ గడిలో 'తండ్రి' అని రాసింది. కింద ఒక వాక్యం చేర్చింది: 'పత్రాల ప్రకారం అన్న. నాకు జన్మనిచ్చింది ఆయనే.' నలభై ఆరేళ్ళు పట్టిన మాట మరి!

తాలాయ్ ఫారం తీసుకుని చదివాడు. ఏదో వేళాకోళం చేయబోయి ఆగిపోయాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, నాకో తమ్ముడున్నాడని మీకు చెప్పాగా, ఏడేళ్ళవాడు. నా పెళ్ళయిన ఏడాదికే మా అమ్మ ఒళ్ళోకి వచ్చాడు."

"ఊఁ."

"వాడికి కూడా ఇలాంటి ఫారం ఏదైనా ఉంటుందా?"

సైకాల్ వాడి వంక చూసింది. ఎన్నడూ లేనిది, నోటి దురుసు తాలాయ్ తల వంచుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు. "లేదురా. వాడికి నువ్వే చెప్పాలి" అని, కెటిల్‌లోంచి వేడి టీ పోసి వాడి ముందు పెట్టింది.

మధ్యాహ్నం తలుపు మూసి కొచ్కోర్‌కు ఫోన్ చేసింది. అవతల ఆవుల అరుపులు, వాటిని మించి బకాస్ గొంతు.

"చెప్పమ్మా! ట్యాంకు వస్తోందా?"

"అన్నయ్యా, మీ ఫైలు మే ఆఖరిదాకా కదలదు."

"అదేంటి? అడిగిన కాగితాలన్నీ ఇచ్చాం కదా!"

"మీ తప్పేం లేదు. నావల్లే. అన్నదమ్ముల ఫైలైతే వారంలో అయిపోయేది. కన్నతండ్రిదైతే బోర్డుకు వెళ్ళాలి. అలా అని నియమం."

"మనది అన్నాచెల్లెళ్ళదేగా?"

"నేను తండ్రి అని రాశాను."

ఆ మాట అనేశాక సైకాల్‌కు భయమేసింది. నలభై ఇళ్ళవాళ్ళు ఆయన్ని నిలదీస్తారు, డెబ్బై ఏళ్ళ వయసులో తలెత్తుకోలేకుండా చేశానేమో అనుకుంది.

"ఎక్కడ రాశావు?" అన్నాడు బకాస్. గొంతు బాగా తగ్గింది.

"బ్యాంకు ఫారంలో. సంతకం పెట్టి, సీలు వేసి."

"ఒసేయ్ తుర్సున్! ఆ బకెట్ కింద పడేసి ఇలా రావే!" అని ఆయన అరిచిన అరుపుకు సైకాల్ ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. "మన ఫైలు ఆగిపోయిందే!"

"అయ్యో, ఎందుకట?" తుర్సున్ రొప్పుతూ వచ్చినట్టుంది.

"ఎందుకో అమ్మాయే చెబుతుంది, విను. మళ్ళీ చెప్పు తల్లీ. గట్టిగా చెప్పు, దీనికి సగం చెవుడు."

సైకాల్ మళ్ళీ చెప్పింది. ఈసారి 'అన్నయ్య' అనే మాటా, 'వదిన' అనే మాటా నోటికి రాలేదు. "నాన్న నాకు తండ్రి అని రాశానమ్మా, అందుకే ఆగింది" అంది. అవతల తుర్సున్ ముక్కు చీదుకోవడం వినిపించింది.

"మరి నలభై ఇళ్ళవాళ్ళూ అడిగితే ఏం చెబుతావు?" అంది సైకాల్, కళ్ళు తుడుచుకుంటూ.

"అడిగేదాకా ఎందుకు? ఇప్పుడే బయల్దేరతా" అన్నాడు బకాస్. "ఎందుకు ఆగిందో ఇంటింటికీ వెళ్ళి నేనే చెబుతా."