మస్కట్‌లో విడుదలైన మా మిగులు పాటలు

నా సంగీతం విని ఒక మనిషి సముద్రం దాటి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చాడు. గొప్పకి చెప్పట్లేదండీ, జరిగిన ఘోరం చెబుతున్నాను.

తొంభైల్లో సఖినేటిపల్లిలో మాకో రాక్ బ్యాండ్ ఉండేది. గిటారూ అరుపులూ నావి, డ్రమ్ములు సుధీర్‌వి. పేరున్న విదేశీ బ్యాండ్లు ఆల్బమ్‌లలో చోటు దొరకని పాటల్నీ, ఎవరూ వినని పాత రికార్డింగుల్నీ ఏరి విడిగా ఒక క్యాసెట్ వేస్తాయని ఎక్కడో చదివాను. అంతే, మనమూ వేద్దామన్నాను.

"దానికి ముందు ఆల్బమ్ ఉండాలి కదరా?" అన్నాడు సుధీర్.

"మనవన్నీ మిగిలిపోయినవే కదా! ఎవరూ వినలేదు కాబట్టి అన్నీ అరుదైనవే."

ఆలూ లేదు చూలూ లేదు, మిగిలిన పాటల పేరు సోమలింగం. ఇక విడుదల ఎక్కడ చెయ్యాలన్నదే సమస్య.

మా పక్కింటి రత్నం పిన్ని భర్త ఏసుబాబు బాబాయి మస్కట్‌లో పనిచేసేవాడు. ఇంకో ఏడాది అక్కడుంటే రేకులు తీసి శ్లాబు వేయించుకోవచ్చని పిన్ని ఆశ. ఆ రోజుల్లో మా వైపు గల్ఫ్‌కి కబుర్లు క్యాసెట్లలోనే వెళ్ళేవి. ఇక్కడ మాట్లాడి నింపి ప్రయాణమయ్యేవాళ్ళ చేతికిస్తే, అక్కడ గదిలోని మనవాళ్ళంతా చుట్టూ కూర్చుని వినేవారు.

"ఒరేయ్ విజయ్, శీనయ్య గారబ్బాయి రేపు మస్కట్ వెళ్తన్నాడంట. ఈ క్యాసెట్ ఇచ్చేసి రారా" అంది పిన్ని.

"ఆయ్, అలాగే పిన్ని గారూ."

క్యాసెట్ చేతిలో పడగానే నా బుర్ర వెలిగింది. ఒక పక్క పిన్ని మాట్లాడి ఉంటుంది, రెండో పక్క ఖాళీయే కదా! గదినిండా శ్రోతలు, పైగా విదేశాల్లో విడుదల! విని చూడొచ్చు కదా అంటారా? మొగుడూ పెళ్ళాల మాటలు వినడం మర్యాద కాదండీ. మరి చెరిపెయ్యడం మర్యాదా అని అడక్కండి, అప్పటికి అది తట్టలేదు. ఆ సాయంత్రమే రెండో పక్క నిండా మా మిగులు సరుకు దింపేశాం. మొదటి పాటలో నేను గుక్క తిప్పుకోకుండా అరుస్తాను, సుధీర్ డ్రమ్ములతో పాటు ఒక రేకు కూడా బాదుతాడు. కళ కదండీ.

కొన్నాళ్ళకి ఏసుబాబు బాబాయి నరసాపురం వైపు నుంచి గోదావరి దాటించే పంటు దిగి, సంచీ రేవులోనే వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. వాకిట్లో పిన్నిని చూసి కూలబడిపోయాడు.

"బతికే ఉన్నావా రత్నం! పిల్లలేరీ?"

"బళ్ళోకెళ్ళేరు. ఇదేంటండీ, ఇలా వచ్చేసేరు?"

"గాలీవానా, రేకులు లేచిపోయేలా ఉన్నాయి, మిగతాది రెండో పక్క చెప్తానన్నావు. తిప్పేసరికి కేకలు, రేకులు విరిగిపడుతున్న చప్పుడు! గదిలో అందరం మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసేం."

"వాన తగ్గిపోయింది, అందరం బాగున్నాం, శ్లాబు పడేదాకా రావద్దని కదండీ రెండో పక్క చెప్పేను!"

గోడ అవతల నిలబడి ఇదంతా విన్నాను. ఆయన ఉద్యోగమూ, పిన్ని శ్లాబూ నా గొంతులో పడి కొట్టుకుపోయాయని నిజంగానే భయపడ్డాను. వెళ్ళి ఉన్నదంతా ఒప్పుకున్నాను.

"ఆ కేకలు నీయేనా?" అన్నాడు బాబాయి. "గేదె మీద గోడ పడిందనుకున్నాను కదరా."

"ఆయ్, నేనేనండీ. పాటండీ అది. బాబాయ్ గారూ, మరి మీ ఉద్యోగం..?"

"ఉద్యోగానికేం? సెలవు మీదే వచ్చేను. మా అరబ్బాయన మొదట కుదరదన్నాడు. నీ క్యాసెట్ వినిపించేను. తెలుగు రాదు కదా పాపం, పాట సగంలోనే కళ్ళు తుడుచుకుని సెలవిచ్చేసేడు. టిక్కెట్టు కూడా ఆయనే కొన్నాడు."

పరదేశంలో ఒక శ్రోతని కంటతడి పెట్టించిన గాయకుణ్ణి నేను. అయినా కీర్తిని కాలదన్ని, ఇక జన్మలో పరాయివాళ్ళ క్యాసెట్ మీద పాడనని పిన్ని ఎదుట చెయ్యెత్తి ప్రమాణం చేశాను. పిన్ని అది చాలదని, సొంత క్యాసెట్ మీద కూడా పాడనని రెండోసారి చెప్పించింది.