అట్ట మీది చీర

ఈ కోపం మొన్న శుక్రవారం పొద్దున పదకొండుంబావుకు మళ్లీ మొదలైంది. నల్లగొండలో ఒక పుస్తకాల దుకాణం ముందు కొత్త కట్ట విప్పుతున్నారు. పచ్చి సిరా వాసన. పై పుస్తకం అట్ట మీద వెనక్కి తిరిగి కూర్చున్న ఆడమనిషి, ఆమె చీర. మళ్లీ అచ్చేస్తే తీసేస్తామని సంతకం పెట్టి ఒప్పుకున్న ఫోటో అది.

ఆ ఫోటో తీసిన వసుంధర మేడం పోయిన వానాకాలం చనిపోయింది. పాలమూరు మనిషి. కొత్తగా పుట్టే మతాలనూ వాటిలో చేరే మనుషులనూ ఇరవై ఏళ్లు పరిశోధించింది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, పోచంపల్లి దగ్గరి మా ఊళ్లో మా మేడ మీద గదిలో కిరాయికి దిగింది. చేనేత సంఘంలో లెక్కలు రాసే పని నుంచి నేనప్పటికే రిటైరయ్యాను. అచ్చంపేట వైపు వెలిసిన ఒక ఆశ్రమంలో మా వాడకట్టు సగం చేరిపోయింది. అక్కడి గురువును ‘నాయిన’ అనేవాళ్లు.

“గీ పిచ్చోళ్లల్ల ఏముందని వచ్చినవమ్మా?” అన్నాను.

“పిచ్చోళ్లనుకుంటే నాకు పనే లేదక్కా. నవ్వకుండ కూసుంటనంటే నా ఎంబడి రా.”

వెళ్లాను. ఆమె వాళ్ల మగ్గాల పక్కన నేల మీదే కూర్చునేది. లేచే ముందు, రాసుకున్నదంతా వాళ్లకే చదివి వినిపించేది. “వద్దన్నది చెప్పు, కొట్టేస్త.” ఒక ముసలాయన “నా వయసు జర తగ్గియ్యి మేడం” అంటే నవ్వకుండా వయసే కొట్టేసింది.

మా వాడకట్టు యాదమ్మ కూతురికి జ్వరమొస్తే దవాఖాన వద్దు, తీర్థం చాలన్నాడు నాయిన. పిల్ల చనిపోయింది. భర్త ఇంకా ఆయన భక్తుడే. “నా పేరు రాయకు మేడం, ఇంట్ల ఉండనియ్యరు. నా బిడ్డ సంగతి మాత్రం రాయి” అంది యాదమ్మ. బిడ్డ పెళ్లికని నేసి దాచిన చీర కట్టుకొచ్చి, ఇందులో ఒక ఫోటో తియ్యమని అడిగింది. మేడం తీసింది.

మేడం పై అధికారి, ఒక ప్రొఫెసర్, ఆ ఫోటోను పుస్తకం అట్టకెక్కించాడు. ఆమె వద్దని కొట్లాడిన రోజు నేనూ ఆయన గదిలో ఉన్నాను.

“ముఖం లేదు, పేరు లేదు. ఎవరు గుర్తుపడతారు?” అన్నాడు.

“సార్, మా దిక్కు మనిషి కన్న ముందు చీరను గుర్తువడ్తరు. గది అంగడి చీర గాదు, ఒక్కటే నేసింది” అన్నాను నేను.

ఆయన నా వైపు చూడకుండా టీ తెమ్మని గంట కొట్టాడు.

పుస్తకం వచ్చిన వారానికే ఆశ్రమం వాళ్లు ఆ అట్ట పట్టుకుని నేరుగా యాదమ్మ గడపలోకి వచ్చారు. భర్త మగ్గం ఊడదీసి, దాన్నీ ఆమెనూ వీధిలోకి నెట్టాడు. యాదమ్మ తరఫున కేసు పెడతామనేసరికి ప్రొఫెసర్, మళ్లీ అచ్చేస్తే ఫోటో తీసేస్తామని సంతకం పెట్టి, తప్పంతా మేడం మీదకు తోశాడు. ఆమె ఉద్యోగం తీసేశారు.

“ఫోటో తీసింది నేనే గదక్కా” అంది, ఏమీ జరగనట్టు.

“తీసింది నువ్వు. అమ్ముకున్నది వాడు!” అని అరిచాను. తల వంచుకుని వెళ్లిపోయినందుకు ఆమె మీద కూడా నాకు కోపమే. ఇప్పటికీ.

ఇది రాశాక యాదమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. ఇది ఆమె అసలు పేరు కాదు. ఆ చీర రంగు గానీ అంచు గానీ ఇందులో ఎక్కడా రాయలేదు. రెండు వాక్యాలు వద్దంది, కొట్టేశాను.

“ఫోటో సంగతి ఉంచాల్నా?”

“ఉంచక్కా. మేడం వద్దన్నదని తెల్వాలె.”

పోయినవి: ఒక పిల్ల, ఒక మగ్గం, ఒక ఇల్లు, ఒక ఉద్యోగం, వసుంధర మేడం. ప్రొఫెసరుకు పోయింది ఏమీ లేదు.