రేకు వెనక కొయ్య

చిత్తూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగం చేసే ఒక ఆచారి ఉండేవాడు. ఏ బండి వచ్చినా ముందు వేలి కణుపుతో తట్టి, రేకుకు చెవి ఆనించేవాడు. ఎవరైనా తొందరపెడితే, "ఉండప్పా, అదేమంటాదో ఇందాం" అనేవాడు.

ఎనభైల మొదట్లో నేను తిరుపతిలో ఒక పాత కారు కొన్నాను. తెల్లదొరల కాలం నాటిది. ఎడమ తలుపు వాలిపోయి మూసుకునేది కాదు. దాన్ని తాడుతో కట్టుకుని, అతుకు వేయిద్దామని ఆ షెడ్డుకు తీసుకెళ్ళాను. వెల్డింగు అతను తలుపు పక్కన మంట పెట్టబోతుంటే ఆచారి పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపబ్బా! లోపల కొయ్య ఉండాది. బండంతా అంటుకుంటాది."

నేను నమ్మలేదు. కారంటే నిలువెల్లా ఇనుమే అనుకునేవాణ్ణి. ఆయన లోపలి గుడ్డ విప్పి చూపించాడు. ఇంటి వాసాల్లాగా కొయ్య చట్రం, దాని మీద మేకులతో బిగించిన రేకు.

"అప్పట్లో ఇట్లే కట్టేవాళ్ళు. మన లారీ మాదిరే."

తట్టుకుంటూ బండి చుట్టూ తిరిగాడు. కొయ్యంతా పుచ్చిపోయిందేమోనని నేను వెనకే నడిచాను.

"తలుపు మోసే ఈ ఒక్క గుంజే పుచ్చిపోయినాది. మిగతాదంతా గట్టిగుండాది" అన్నాక గానీ నా గుండె కుదుటపడలేదు.

వారంలో టేకు గుంజ చెక్కి పెట్టి, తలుపు నన్నే మూయమన్నాడు. మెత్తగా, ఒక్క చప్పుడుతో పడింది.

"చెవి పెట్టి వినవా, ఆచారీ?" అన్నాను.

ఉలి తుడుచుకుంటూ నవ్వాడు. "నొప్పుంటే గదప్పా అది మాట్లాడేది!"