సైదమ్మ తాళమేసిన బెల్టు షాపు

పొద్దున గొర్రెల్ని వదలకముందే సైదమ్మ ఇంటి ముందు సీసా పెంకులు ఏరుతుంది. పక్కనే రాత్రి ఎవరో కక్కింది ఉంటుంది. దాని మీద మట్టి పోస్తుంది. నార్కట్‌పల్లికి ఆరు కిలోమీటర్ల అవతలి ఊరు ఇది. రోడ్డు దాటితే బెల్టు షాపు. లైసెన్సు లేదు, అయినా తెల్లారకముందే తెరుస్తారు. బడికి పోయే ఆడపిల్లలు ఆ రోడ్డు వదిలి పొలం గట్ల మీద పోతారు.

సైదమ్మ భర్త జానయ్యకు కాలేయం చెడింది. ఇంకా తాగితే బతకడని డాక్టరు చెప్పాడు. మొన్న ఎండాకాలం ఎన్నికల తనిఖీలకు భయపడి షాపు నెల రోజులు మూశారు. వాపుకాళ్లతో నార్కట్‌పల్లి వైన్సు దాకా పోలేక జానయ్య చుక్క ముట్టలేదు. కడుపునిండా అన్నం తిన్నాడు. సైదమ్మకు అక్కడే ఆశ పుట్టింది.

షాపు నడిపే హక్కును ఊరి పెద్దలు ఏటా వేలం వేస్తారు. ఆ డబ్బుతో మరునాడే బొడ్రాయి పండుగ చేస్తారు. ఈసారి సైదమ్మ ఎనిమిది గొర్రెలమ్మి వేలానికి పోయింది.

“ఏందే సైదమ్మా, మొగనికి ఇంట్లనే పోస్తవా?” అన్నాడొకడు. అందరూ నవ్వారు.

“నీకేం బాధరా? ఆడోళ్లు పాడొద్దని ఉన్నదా?”

అందరికంటే ఎక్కువ పాడింది. తాళంచెవి చేతికొచ్చింది. ఆ సాయంత్రమే షాపు మూసింది.

వారం తిరక్కముందే కిరాణా గోపాల్ నూనె డబ్బాల వెనక సీసాలు పెట్టాడు. అతన్ని చూసి ఇంకో ఇద్దరు పెట్టారు. వేలం వేసిన ఊరిపెద్ద పరశురాములు ఇంటికి పోయి సైదమ్మ నిలదీసింది.

“నేను పాడినంక వాళ్లెట్ల అమ్ముతరన్నా?”

“నీకిచ్చింది అమ్మనీకె, మూయనీకె కాదు. ఊరోళ్లు యాడ తాగాలె మరి?”

“గట్లయితె నా పైసలు నాకియ్యి.”

“యాటలు తెగినయ్, డీజే మోగింది. నువ్వు గూడ కూర తింటివి గదనే!”

సైదమ్మ ఆబ్కారీ ఆఫీసుకు ఫోన్ చేయించింది. షాపు ఎవరు పాడారని అటువైపు మనిషి అడిగాడు. దాచకుండా తన పేరే చెప్పింది.

“అయితే కేసు ముందుగాల నీ మీదనే ఐతదమ్మా” అని పెట్టేశాడు.

గోపాల్ కొట్టు రెండిళ్ల అవతల. అంత దూరం జానయ్య నడవగలడు. నడిచాడు. నెల తిరక్కముందే రక్తం కక్కితే నల్గొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు.

ఊళ్లో ఇప్పుడు బెల్టు షాపులు మూడు.