దేశాల గుర్తులు అంటించిన అంకుల్

స్టిక్కర్ల అంకుల్ పోయారని ఆదివారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. ఆయన భార్య, ఏళ్ళ తరబడి ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషి, రెండు ముక్కల్లో చెప్పేశారు. నాలుగింటికి చర్చికి రమ్మన్నారు, అంతే.

దేశ రాజధానిలోని ముఖర్జీ నగర్‌లో, కోచింగ్ బోర్డుల మధ్య ఇరుకు దుకాణం ఆయనది. బాపట్ల వైపు మనిషి. బళ్ళకు స్టిక్కర్లు కోసి అంటించేవారు. బండి దేశం దాటాలంటే వెనక ఆ దేశం గుర్తు ఉండాలి. కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి స్టిక్కరు, దాని మీద నల్లటి ఇంగ్లీషు అక్షరాలు. మనకైతే ఐఎన్‌డీ. పొద్దున సివిల్స్ క్లాసులు, మధ్యాహ్నం ఆయన దగ్గర పని, ఇలా రెండేళ్ళు గడిపాను.

మెట్రో బయట పంచే కరపత్రాలన్నీ చదివి, వాటిలోని కోపమంతా దుకాణానికి మోసుకొచ్చేదాన్ని. ఆయన కత్తెర ఆపకుండా వినేవారు. ఒకప్పుడు మన బళ్ళ మీద బ్రిటిష్ ఇండియా అని బీఐ ఉండేదని, స్వాతంత్ర్యం వచ్చాక పోయిందని ఆయనే చెప్పారు. స్విట్జర్లాండ్‌లో నాలుగు భాషలవాళ్ళు ఉన్నారు కాబట్టి, ఎవరికీ చెందని లాటిన్ పేరులోంచి సీహెచ్ తీసుకున్నారట. "నీలా కొట్లాడేవోళ్ళు నలుగురున్న ఇల్లు అయ్యుంటది" అని నవ్వారు.

గత చలికాలం కొలంబో నుంచి బైకు మీద వచ్చిన ఒకతను మా దగ్గర ఆగాడు. పాత స్టిక్కరు ఊడిపోయింది. మర్నాడు నేపాల్ వైపు బయలుదేరాలి. శ్రీలంక గుర్తు ఇప్పటికీ సీఎల్. సిలోన్ అన్న పాత పేరులోంచి వచ్చింది. దేశం పేరు మారినా గుర్తు మారలేదు. నాకు ఒళ్ళు మండింది. అంకుల్ టీకి వెళ్ళిన సమయంలో ఎస్ఎల్ అని కోసి అంటించేశాను. అక్షరాలు కనపడకుండా మీద అంటి ఉన్న పైకాగితం రేపు తీసుకోమని చెప్పి పంపేశాను.

సాయంత్రం చెత్తబుట్టలో మిగిలిన ముక్కల్లో ఎస్ ఆకారం ఖాళీ చూసి ఆయన పట్టేశారు. నేను నా వాదన మొదలుపెట్టాను. ఆయన అరవలేదు.

"బోర్డర్లో నిలబడేది నువ్వా, అతనా?"

నేను సీఎల్ కోయడానికి కొత్త షీటు తీశాను.

"కోపమొస్తే ఉత్తరం రాయమ్మా. ఊరెళ్ళేవోడి బండి మీద రాయమాక."

అతను ఊరికి ఆ చివర సాకేత్‌లో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాడు. ఫోన్ ఎత్తలేదు. తెల్లారి మొదటి మెట్రోకి అంకుల్ నాతో వచ్చారు. ఆయాసంతో మెట్ల మధ్య రెండుసార్లు ఆగారు. నేనొక్కదాన్నే వెళ్తానంటే వినలేదు. మేం చేరేసరికి అతను హెల్మెట్ పెట్టుకుంటున్నాడు. అంకుల్ గేటు దగ్గరే ఆగి, చేత్తో నన్ను ముందుకు పొమ్మన్నారు.

చేసింది చెప్పాను. అతను హెల్మెట్ తీసేశాడు. సీఎల్ అన్న ఆ పాత గుర్తంటే తనకీ గిట్టదని, కానీ కాగితాల్లో ఉన్నదే బండి మీద లేకపోతే తన ప్రయాణం అక్కడితో ఆగిపోతుందని నెమ్మదిగా చెప్పాడు. నా చేత్తోనే తప్పు స్టిక్కరు పీకి, సీఎల్ అంటించాను. వారం తర్వాత ఖాట్మండు చేరానని మెసేజ్ పెట్టాడు.

ఆ వారమే, ఆ గుర్తు మార్చమని కొలంబోలోని ప్రభుత్వానికి ఉత్తరం రాశాను. "జవాబొచ్చిందా?" అని అంకుల్ వచ్చే పోయేవాళ్ళ ముందే అడిగేవారు. రాలేదంటే ఇంకోటి రాయమనేవారు. ఆయన ఉన్నంతలో నాలుగు రాయించారు. ఐదోది ఖననం అయిన మర్నాడు, అంటే నిన్న మధ్యాహ్నం, దుకాణంలో కూర్చుని రాశాను.

నిన్న పొద్దునే ఆంటీ దుకాణం తాళం చేతిలో పెట్టి తెరవమన్నారు. భూటాన్ వెళ్తానంటూ ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ముందు ఆర్‌సీ చూపించమన్నాను. ఒక్కో అక్షరం దానితో సరిచూసుకుని కోశాను. గుడ్డతో గాలి బుడగలు నొక్కుతుంటే, వేరే దేశాల గుర్తులేంటి దీదీ అని అడిగింది. బీఐ దగ్గర మొదలుపెట్టాను. ఆమె స్కూటీ స్టార్ట్ చేసి కూడా, నేను చెప్పడం అయ్యేదాకా బయలుదేరలేదు.